గోల్కొండ నడక ఉత్తర ధ్రువం దగ్గర తేలకుండా

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫోన్‌లో రికార్డు చేసుకున్న నడకదారిని గూగుల్ ఎర్త్‌లో చూడాలంటే ఒక రకం ఫైలు కావాలి. దారి చూపే గార్మిన్ జీపీఎస్ పరికరంలోకి ఎక్కించాలంటే ఇంకో రకం, క్యూజీఐఎస్ అన్న మ్యాపుల ప్రోగ్రాంలో మ్యాపు తయారుచేయాలంటే మరో తీరు. మార్చేస్తే సరి అనుకుంటాం. మారుతుంది కూడా, ఎక్కడా ఎర్రర్ రాదు. చిక్కంతా అక్కడే. పన్నెండు గిన్నెల పోపుల డబ్బాలోని దినుసుల్ని ఏడు గిన్నెల డబ్బాలో సర్దినట్టే ఇదీ. చోటు లేనివి బయటే ఉండిపోతాయి, ఏవి ఉండిపోయాయో ప్రోగ్రాం మనకు చెప్పదు.

ముందు పేరు సంగతి. ఫైలు పేరు చివర కేఎంఎల్ (గూగుల్ ఎర్త్ ఫైలు రకం) అన్నది చెరిపేసి జీపీఎక్స్ (జీపీఎస్ పరికరాల ఫైలు రకం) అని రాసినంత మాత్రాన లోపల ఏమీ మారదు. కేఎంజెడ్ ఒక్కటే వేరు. అది జిప్ చేసిన కేఎంఎల్. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపలి కేఎంఎల్ బయటపడుతుంది.

ఇక జీపీఎక్స్. 2002లో పుట్టింది, ఇప్పుడు అందరూ వాడేది 2004 నాటి 1.1. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదువుకోవచ్చు. ఇందులో మూడు రకాల సరుకు ఉంటుంది. వేపాయింట్ అంటే విడిగా ఒక చోటు: గుడి, బావి, మలుపు. రూట్ అంటే వెళ్లాల్సిన దారికి కొన్ని గుర్తులు, మధ్య దారిని పరికరమే వెతుక్కుంటుంది. ట్రాక్ అంటే నిజంగా నడిచిన అడుగుజాడ. ట్రాక్‌ని పొరపాటున రూట్‌గా మారిస్తే, మీరు కొండ మీద కాలిబాటన వెళ్లినా పరికరం ఘాట్ రోడ్డు పట్టిస్తుంది. ట్రాక్ లోపల మళ్లీ సెగ్మెంట్లుంటాయి. సిగ్నల్ పోయి వచ్చిన చోట ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుంది. మార్చేటప్పుడు రెండూ కలిసిపోతే ఆ ఖాళీ మీదుగా తిన్నని గీత పడుతుంది, దూరం లెక్క తప్పుతుంది.

మార్చడానికి జీపీఎస్‌బేబెల్ అన్న ఉచిత ప్రోగ్రాం చాలు. ఇన్‌పుట్‌లో ఫార్మాట్ జీపీఎక్స్ ఎక్స్‌ఎంఎల్ అని, అవుట్‌పుట్‌లో గూగుల్ ఎర్త్ కేఎంఎల్ అని ఎంచుకోండి. మధ్యలో వేపాయింట్స్, రూట్స్, ట్రాక్స్ అని టిక్కులుంటాయి. ట్రాక్స్‌కి టిక్కు లేకపోతే ఖాళీ ఫైలు వస్తుంది. "మార్చాను కానీ ఏమీ కనపడటం లేదు" అన్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే. తర్వాత అవుట్‌పుట్ ఆప్షన్లు తెరవండి. మామూలుగా వదిలేస్తే గీతతో పాటు ప్రతి పాయింటుకీ ఒక గుర్తు కూడా రాసిపెడుతుంది. సెకనుకో పాయింటు చొప్పున మూడు గంటల నడకంటే 10,800 గుర్తులు. గూగుల్ ఎర్త్ ఆయాసపడుతుంది. పాయింట్స్ తీసేసి గీత ఒక్కటే ఉంచండి.

ఆ గీతలో సమయం ఉండదు. కేఎంఎల్‌లో మామూలు గీతకు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు రాసుకునే చోటే ఉంది, గడియారానికి చోటు లేదు. నడకను సమయం ప్రకారం మళ్లీ ఆడించి చూడాలంటే ఆ ఆప్షన్లలోనే కేఎంఎల్ ట్రాక్ అన్నదానికి టిక్కు పెట్టాలి. గుండెవేగం, అడుగుల వేగం వంటివి జీపీఎక్స్‌లోనే ఎక్స్‌టెన్షన్లుగా వేలాడుతుంటాయి. మార్చేటప్పుడు సాధారణంగా ముందు పోయేవి అవే. అందుకని అసలు ఫైలును ముట్టుకోవద్దు. ప్రతి మార్పునూ దాని నుంచే చేయండి. జీపీఎక్స్ నుంచి కేఎంఎల్‌కి, మళ్లీ కేఎంఎల్ నుంచి జీపీఎక్స్‌కి వస్తే పోయిన సమయం తిరిగి రాదు.

ఇప్పుడు శీర్షికలోని ధ్రువం సంగతి. జీపీఎక్స్‌లో అక్షాంశం, రేఖాంశం విడివిడిగా పేరుతో రాసి ఉంటాయి. కేఎంఎల్‌లోనూ, వెబ్ మ్యాపుల్లో వాడే జియోజేసన్ ఫైల్లోనూ పేర్లుండవు, వరుసే లెక్క: రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. గోల్కొండ కోట 17.383 ఉత్తర అక్షాంశం, 78.401 తూర్పు రేఖాంశం. చేత్తోనో పైథాన్‌లోనో మార్చుకునేటప్పుడు వరుస తారుమారైతే మీ నడక నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద తేలుతుంది. విజయవాడ వాళ్లకు ఆ అదృష్టమూ లేదు, నేరుగా ఆర్కిటిక్ సముద్రంలో పడతారు. ట్రాక్ మ్యాపు మీద ఎక్కడా కనపడకపోతే బాగా వెనక్కి జూమ్ చేసి ఉత్తరాన వెతకండి. దశాంశాలనూ చూడండి. బిందువు తర్వాత ఐదు అంకెలుంటే సుమారు ఒక మీటరు ఖచ్చితత్వం, మూడే ఉంటే నూరు మీటర్లు దాటి తేడా రావచ్చు. కోఆర్డినేట్లున్న (అంటే అక్షాంశ, రేఖాంశాలున్న) సీఎస్‌వీ పట్టిక ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసినప్పుడు అంకెలు తెగిపోయే ప్రమాదం ఉంది.

సమయానికి ఇంకో మెలిక ఉంది. జీపీఎక్స్‌లో గడియారం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, మన సమయానికి ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరితే ఫైల్లో ముందురోజు తేదీ, 23:30 కనిపిస్తాయి. అది తప్పు కాదు, దిద్దకండి. కెమెరా ఫొటోలను ట్రాక్‌తో జతచేసే ప్రోగ్రాముల్లో మాత్రం ఈ 5:30 తేడాను చెప్పి తీరాలి. లేకపోతే ఫొటోలేవీ జతపడవు.

గార్మిన్ వాచీల ఫిట్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో పిచ్చిగీతల్లా ఉంటుంది, అది బైనరీ. అందులో కాలం 1989 డిసెంబర్ 31 నుంచి సెకన్లలో లెక్క. సొంతంగా కోడు రాసేవాళ్లు దాన్ని 1970 నుంచి అనుకుంటే తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి పోతుంది. పాత పరికరాల్లో మరో జబ్బు ఉంది: జీపీఎస్ వారాల లెక్క 1024 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇటీవల అలా జరిగింది 2019 ఏప్రిల్ 6న. అలా అయితే తేదీ సరిగ్గా 7,168 రోజులు వెనక్కి పోతుంది. దీన్ని జీపీఎస్‌బేబెల్ ట్రాక్స్ ఫిల్టర్‌లోని మూవ్‌తో సరిచేయొచ్చు.

క్యూజీఐఎస్‌లోకి జీపీఎక్స్ లాగితే ఐదు లేయర్లు చూపిస్తుంది. గీత కావాలంటే ట్రాక్స్, సమయం కావాలంటే ట్రాక్ పాయింట్స్ తీసుకోండి. తిరిగి జీపీఎక్స్‌గా సేవ్ చేసేటప్పుడు సీఆర్‌ఎస్ (కోఆర్డినేట్ల పద్ధతి) డిగ్రీల్లో ఉండే ఈపీఎస్‌జీ 4326 ఉండాలి, మీటర్లలో ఉండే యూటీఎం పనికిరాదు. ఇంకా రెండు సెట్టింగులు. మామూలు గీత రూట్‌గా వెళ్లిపోకుండా ఫోర్స్ జీపీఎక్స్ ట్రాక్ అన్నదానికి యెస్ (YES) పెట్టాలి. మీరు సొంతంగా చేర్చిన కాలమ్‌లుంటే యూజ్ ఎక్స్‌టెన్షన్స్‌కి కూడా యెస్ పెట్టాలి, లేకపోతే అసలు సేవ్ అవనివ్వదు.

గూగుల్ మై మ్యాప్స్ నుంచి దించుకునేటప్పుడు నెట్‌వర్క్ లింక్ అన్న టిక్కు తీసేయండి. అది ఉంటే వచ్చే ఫైల్లో మీ దారి ఉండదు, ఇంటర్నెట్‌లో ఉన్న దారికి లింకు మాత్రమే ఉంటుంది. కొండల్లో సిగ్నల్ లేని చోట తెలిసొస్తుంది.

ఎత్తు గురించి కొంచెం. కొన్ని ఆండ్రాయిడ్ యాప్‌లు సముద్రమట్టం నుంచి కాక, భూమికి గీసుకున్న గణిత ఆకారం మీది నుంచి ఎత్తు రాస్తాయి. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఈ రెంటికీ తేడా 106 మీటర్లు. మన దక్షిణాదిలోనూ పదుల మీటర్లు ఉంటుంది. అందుకే విశాఖ బీచ్‌లో నడిస్తే ఎత్తు మైనస్‌లో రావచ్చు. అలాంటి ఎత్తును కేఎంఎల్‌లో ఉన్నదున్నట్టు వాడితే గీత భూమిలోకి కూరుకుపోయి గూగుల్ ఎర్త్‌లో కనిపించదు. ప్రాపర్టీస్‌లో ఆల్టిట్యూడ్ దగ్గర క్లాంప్డ్ టు గ్రౌండ్ ఎంచుకుంటే పైకొస్తుంది.

చోట్లకు తెలుగులో పేర్లు పెట్టడం నాకిష్టం. ఫైలు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) ఉంటే అవి భద్రంగా ఉంటాయి. వింత గుర్తులు కనిపిస్తే చదివిన ప్రోగ్రాం ఎన్‌కోడింగ్ తప్పు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదంతే, ఫైలుకు ఏమీ కాలేదు. పేర్లలో యాంపర్‌శాండ్ (&) గుర్తును నేరుగా రాయకండి, ఈ ఫైళ్ల లోపలి రాత పద్ధతి అయిన ఎక్స్‌ఎంఎల్ మొత్తం విరిగిపోతుంది.

గార్మిన్ పాత చేతి పరికరాలు కొన్ని భద్రపరిచిన ట్రాక్‌కి 500 పాయింట్లకు మించి తీసుకోవు. మిగతా దారిని కోసేస్తాయి. ఎక్కించే ముందు జీపీఎస్‌బేబెల్ ఫిల్టర్స్‌లో సింప్లిఫై పెట్టి 500కి తగ్గించండి. అవసరం లేని పాయింట్లను అదే ఏరేస్తుంది. మలుపుల దారిలో దూరం కాస్త తగ్గి కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు.

మార్చాక అసలు ఫైలునూ కొత్తదాన్నీ పక్కపక్కన తెరిచి పాయింట్ల సంఖ్య, మొదటి చోటు, చివరి చోటు, దూరం, బయలుదేరిన సమయం పోల్చండి. రెండు నిమిషాల పని.

ఇతరులకు పంపే ఫైలైతే, నడక ఇంటి గుమ్మం నుంచే మొదలై ఉంటే ట్రాక్ ఎడిటర్‌లో రెండు చివర్లా రెండు మూడు వందల మీటర్లు కత్తిరించండి. మీరు ఇంట్లో లేని వేళలూ అందులో రాసి ఉంటాయి గనుక, అప్పుడు మాత్రం సమయం రాలిపోవడమే మేలు. పాయింట్స్ తీసేసిన, గీత మాత్రమే ఉన్న కేఎంఎల్ పంపండి. దాని వివరంలో మొదలు, ముగింపు సమయాలు మిగిలిపోకుండా అవుట్‌పుట్ ఆప్షన్లలో ఇంక్లూడ్ ఎక్స్‌టెండెడ్ డేటా ఫర్ ట్రాక్‌పాయింట్స్ అన్న టిక్కు కూడా తీసేయండి. పాయింట్స్ ఉంచితే ప్రతి గుర్తు వివరంలోనూ సమయం దాగి ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య