ఓపెన్ హార్డ్‌వేర్ గొడవకు మూలం 2012లోనే ఉంది

డిజైన్ ఫైళ్లను ఎవరైనా వాడుకునేలా బయటపెట్టడమే ఓపెన్ హార్డ్‌వేర్. అలాంటి చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులకు పేరుపడ్డ ఆర్డుయినోను కొంటున్నట్టు చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. నవంబర్‌లో ఆర్డుయినో వినియోగ నిబంధనలు మారాయి. రివర్స్ ఇంజినీరింగ్ (విడదీసి లోపల ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం) చేయకూడదన్న షరతు వాటిలో కనిపించగానే ఎలక్ట్రానిక్స్ కంపెనీ అడాఫ్రూట్ బహిరంగంగా తప్పుపట్టింది. ఆ షరతు తమ ఆన్‌లైన్ సేవలకే వర్తిస్తుందని, బోర్డులు ఎప్పట్లాగే ఓపెన్ అని ఆర్డుయినో బదులిచ్చింది. అంతకు ముందు జులైలోనే, డెస్క్‌టాప్ త్రీడీ ప్రింటర్లలో ఓపెన్ హార్డ్‌వేర్ చచ్చిపోయిందని ప్రింటర్ల కంపెనీ నడిపే యోసెఫ్ ప్రూషా రాశారు. పదిమందీ కలిసి మెరుగుపరిచిన డిజైన్ మీద వ్యాపారం నిలబడ్డాక దానిపై హక్కు ఎవరిదన్న తగాదా మళ్లీ మొదటికొచ్చింది.

ఆర్డుయినో ఎలా పుట్టిందో చాలామందికి తెలిసిందే. ఈ తగాదా అర్థం కావాలంటే మాత్రం 2012 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో ఏం జరిగిందో చూడాలి.

మేకర్‌బాట్ అక్కడి త్రీడీ ప్రింటర్ల కంపెనీ. బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో మొదలుపెట్టిన ఓపెన్ త్రీడీ ప్రింటర్ ప్రాజెక్టు రెప్‌రాప్ పునాదిగా, 2009లో ప్లైవుడ్ ఫ్రేముతో ప్రింటర్ కిట్లు అమ్మడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్‌ను కరిగించి పొరలుగా పేర్చే పద్ధతిపై స్ట్రాటసిస్ కంపెనీ చేతిలో ఉన్న కీలకమైన పేటెంట్ గడువు తీరింది కూడా ఆ ఏడాదే. కిట్లు కొన్నవాళ్లు వాటిని బిగించి ఊరుకోలేదు. ప్లాస్టిక్‌ను తోసి కరిగించే ఎక్స్‌ట్రూడర్‌లో ప్లాస్టిక్ తీగ పట్టు తప్పి జారిపోతుంటే, దాన్ని స్ప్రింగుతో నొక్కిపెట్టే చిన్న భాగాన్ని వాళ్లే గీశారు, అదే మెషీన్‌లో ప్రింట్ చేసి బిగించి చూశారు, పనిచేశాక ఫైలును మేకర్‌బాట్ నడిపే డిజైన్ల వెబ్‌సైట్ థింగివర్స్‌లో పెట్టారు. ఇంకొకరు దించుకుని ఇంకాస్త సరిచేశారు. ఇలా జీతం లేని ఇంజినీర్లు ఆ మెషీన్‌కు వందలమంది దొరికారు.

2012 సెప్టెంబర్‌లో మేకర్‌బాట్ కొత్త ప్రింటర్ రెప్లికేటర్ 2 విడుదలైంది. ఉక్కు ఫ్రేము, ధర 2,199 డాలర్లు. మెషీన్ డిజైన్ ఫైళ్లు మాత్రం బయటపెట్టలేదు. కంపెనీ స్థాపకుల్లో ఒకరై, అప్పటికే బయటికొచ్చేసిన జాక్ హోకెన్ స్మిత్ దీన్ని నమ్మకద్రోహంగానే చూశారు. తమ ఫైళ్లు థింగివర్స్‌లో ఉంచడానికి మనసొప్పక కొందరు తీసేసుకున్నారు. ఆ నెలలోనే జరిగిన ఓపెన్ హార్డ్‌వేర్ సదస్సులో దీని మీదే చర్చ.

క్లోన్లు (నకళ్లు) వస్తుంటే ఉద్యోగులకు జీతాలెలా ఇవ్వాలన్నది సీఈవో బ్రే పెటిస్ వాదన. రెప్లికేటర్‌కు చవక నకలు చేస్తామంటూ అంతకు ముందు నెలలో ఒకరు జనం దగ్గర నిధులు సేకరించే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో డబ్బు అడిగిన మాట నిజమే. కానీ అడిగిన మొత్తం రాక ఆ ప్రయత్నం ఆగిపోయింది. అదే కాలంలో వచ్చిన ప్రూషా ఐ3 ప్రింటర్ డిజైన్‌ను లోకమంతా కాపీ కొట్టింది, అయినా ప్రూషా కంపెనీ పెరుగుతూనే వచ్చింది.

2013 జూన్‌లో స్ట్రాటసిస్ 40.3 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి మేకర్‌బాట్‌ను కొనేసింది. స్ప్రింగు భాగం గీసినవాళ్లకు అందులో వాటా లేదు. 2014లో కంపెనీ పేటెంట్ దరఖాస్తులు బయటికొచ్చినప్పుడు, అందులో ఉన్న ఎక్స్‌ట్రూడర్ తాము థింగివర్స్‌లో పంచుకున్నదాన్నే పోలి ఉందని పాత సభ్యులు మండిపడ్డారు. రెండూ వేరని కంపెనీ అంది.

నా దృష్టిలో ఈ ఉద్యమాన్ని ఎక్కువగా గాయపరిచింది ఆ పేటెంట్ దరఖాస్తే. క్లోన్ వస్తే లాభం తగ్గుతుంది. ఇచ్చిన పని రేపు తమ మీదే కేసుగా తిరిగొస్తుందన్న భయం పట్టుకుంటే ఇచ్చే చెయ్యే ఆగిపోతుంది. ప్రూషా ఇప్పుడు చెబుతున్నదీ దాదాపు ఇదే. 2023లో ఎంకే4 ప్రింటర్‌కు ఎలక్ట్రానిక్స్ డిజైన్ ఫైళ్లు ఇవ్వడం ఆయనా ఆపేశారు. ఓపెన్ డిజైన్ల మీద చైనాలో పడుతున్న పేటెంట్లు దాఖలు చేయడం చవక, కొట్టేయించడం భారం అన్నది 2025లో ఆయన ఫిర్యాదు.

సాఫ్ట్‌వేర్ ఈ చిక్కును లైసెన్సుతో చాలావరకు దాటింది, ఎందుకంటే కోడ్ రాయగానే కాపీరైట్ వస్తుంది. హార్డ్‌వేర్‌లో కాపీరైట్ డ్రాయింగు దగ్గరే ఆగుతుంది, మెషీన్ పనిచేసే తీరుకు అది వర్తించదు. యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ తయారుచేసి, 2020లో వచ్చిన హార్డ్‌వేర్ లైసెన్స్ రెండో వెర్షన్ ఈ ఖాళీని కొంత పూడ్చింది. దానిలోని కఠినమైన రకాలు మార్పులు చేసి అమ్మేవాళ్లు ఆ మార్పులూ ఇవ్వాలంటాయి, పేటెంట్ కేసు వేస్తే హక్కులు పోతాయంటాయి. అసలు ఆ లైసెన్స్ ఒప్పుకోకుండా పక్కనుంచి పేటెంట్ వేసేవాడిని మాత్రం ఆపడం దానివల్ల కాదు. ముందే బయటికొచ్చిన డిజైన్‌పై పేటెంట్ ఇవ్వకూడదు కాబట్టి, అందుకు ప్రతి డిజైన్‌నూ తేదీతో, పేటెంట్ పరిశీలకుడి కంట పడేలా ప్రచురించి పెట్టాలి. విసుగు పుట్టించే పని, డబ్బిచ్చేవాళ్లు తక్కువ. ఈ ఉద్యమం పెరగాలనుకునేవాళ్లు ముందు నిధి కూడగట్టాల్సింది దీనికే అంటాను.

ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అసోసియేషన్ 2016 నుంచి ఓపెన్ అని సర్టిఫికెట్లు ఇస్తోంది. అవి ఒక్కో ఉత్పత్తికి ఇచ్చేవి, కంపెనీకి కాదు. ఇప్పటికే బయటున్న ఆర్డుయినో బోర్డు యూనో ఫైళ్లను వెనక్కి తీసుకోవడం క్వాల్‌కామ్ వల్ల కాదు. తర్వాతి బోర్డు ఫైళ్లు ఇవ్వాలని మాత్రం దాన్ని కట్టడి చేసేదేదీ లేదు.