పది పౌండ్లకు అమ్ముడైన పాదిరిగారి ఇల్లు

ఇంగ్లండ్ పల్లెల్లోని పాత పాదిరి ఇళ్లను చర్చి అమ్మేయడం సబబేనా అన్న వాదన ఈనాటిది కాదు. అది ఎంత పాతదో తెలియాలంటే ఈస్ట్ ససెక్స్‌లోని ఆల్‌ఫ్రిస్టన్ ఊరికి వెళ్లాలి. కక్‌మియర్ నది పక్కన, సెయింట్ ఆండ్రూస్ చర్చిని ఆనుకుని ఒక గడ్డికప్పు పాదిరి ఇల్లుంది. పాత కట్టడాలను, ప్రకృతి అందాలున్న చోట్లను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ 1896లో దాన్ని కొన్నది 10 పౌండ్లకు. ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం అదే.

ఇల్లు 14వ శతాబ్దం నాటి పద్ధతిది. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో కలిగిన రైతులు కట్టుకున్న తరహా. మధ్యలో పైకప్పు దాకా ఖాళీగా ఉండే హాలు, రెండు చివర్లా రెండేసి అంతస్తుల గదులు. చివరి గదుల పై అంతస్తు గోడ దాటి ముందుకు పొడుచుకు వస్తుంది, హాలు గోడ మాత్రం వెనక్కే ఉంటుంది. అన్నిటికీ కలిపి కప్పు ఒక్కటే కాబట్టి హాలు ముందు చూరు బాగా లోతుగా ఉంటుంది. వంపు తిరిగిన కొయ్యలు దాన్ని మోస్తాయి. చట్రమంతా ఓక్ కలప. మధ్య ఖాళీల్లో తడికలు అల్లి మట్టి మెత్తారు. ఈ పని మన పల్లెల్లో ఎవరికీ వివరించక్కర్లేదు.

అప్పట్లో హాలుకు పొగగొట్టం లేదు. నేల మధ్యన నిప్పు రాజేస్తే పొగ కప్పు సందుల్లోంచి పోవాల్సిందే. ఇలాంటి ఇళ్లలో వాసాలు మసిబారి కనిపించేది అందుకే. నేల ఇంకా చిత్రం: సుద్దరాయి పొడిలో పులిసిన పాలు పోసి దిమ్మిస కొట్టారు.

మరి పాదిరులు దీన్ని ఎందుకు వదులుకున్నారు? మధ్యయుగంలో పాదిరికి పెళ్లి లేదు, రెండు మూడు గదులు చాలు. 1549లో పాదిరుల పెళ్లిళ్లకు చట్టం ఒప్పుకుంది. కాథలిక్ అయిన మేరీ రాణి కాలంలో ఆ వీలు పోయినా, తర్వాత మళ్లీ వచ్చింది. పిల్లలు, పనివాళ్లు చేరారు. 18వ శతాబ్దంలో చర్చికి వచ్చే పొలాల రాబడి పెరిగేకొద్దీ పాదిరి హోదా కూడా పెరిగింది. ఇళ్లు కట్టుకోవడానికి చర్చి ఆదాయాన్ని తనఖా పెట్టి అప్పు తెచ్చుకోవచ్చని 1776 నాటి గిల్బర్ట్ చట్టం చెప్పింది. దాంతో ఊరి జమీందారు మేడకు తీసిపోని ఇళ్లు లేచాయి. అలాంటి పాదిరికి మట్టిగోడల ఇంట్లో కాపురం ఏం నచ్చుతుంది? ఇలాంటి పాతవి కూలీల అద్దెకొంపలయ్యాయి.

ఆల్‌ఫ్రిస్టన్ ఇల్లు 1880లకల్లా కూలడానికి సిద్ధంగా ఉంది. కూల్చేద్దామన్న ఆలోచనా వచ్చింది. దాన్ని కాపాడాలని తిరిగింది కూడా ఒక పాదిరే: ఊరి వికార్ ఎఫ్. డబ్ల్యూ. బెనన్. ముందు ఆయన కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో పెట్టిన పురాతన కట్టడాల రక్షణ సంఘం తలుపు తట్టారు. అక్కణ్ణుంచి విషయం నేషనల్ ట్రస్ట్‌కు చేరింది. ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్‌స్లీ కలిసి దాన్ని స్థాపించి అప్పటికి ఏడాదే. 10 పౌండ్లన్నది పేరుకే, అసలు ఖర్చంతా మరమ్మతులది. ఆ బాధ్యత తీసుకున్న ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ పావెల్ మోరిస్ బాటలో నడిచిన మనిషి. గోకి, గీకి కొత్తదానిలా చేయడం ఆ బృందానికి గిట్టదు. ఉన్న కలపను ఉన్నచోటే నిలబెట్టాలన్నది వాళ్ల పంతం. ఇవాళ మనకు పాత కలప కనిపిస్తోందంటే ఆ పంతం వల్లే అని నా అభిప్రాయం.

ఆ తర్వాత 20వ శతాబ్దంలో కథ తిరగబడింది. గిల్బర్ట్ చట్టం రోజుల్లో కట్టిన పెద్ద పెద్ద ఇళ్లు పాదిరులకు భారమయ్యాయి. చలికాలంలో వెచ్చగా ఉంచడానికే జీతం చాలదు. ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చర్చి వాటిని వరసగా అమ్మేసి, పాదిరులకు చిన్న కొత్త ఇళ్లు కట్టించింది. అమ్ముడైనవాటికి గేటు మీద ‘ఓల్డ్ రెక్టరీ’ (పాత పాదిరి ఇల్లు) అన్న బోర్డు మాత్రం మిగిలింది. ఇళ్ల ప్రకటనల్లో ఇప్పుడు ఆ మాట ఉంటేనే ధర పెరుగుతుంది.