కంట్లో సున్నం పడితే

యాసిడ్ అంటే అందరికీ భయమే. బాత్రూమ్ కడిగే సీసాను పిల్లలకు అందకుండా ఏ పై అరలోనో దాచేస్తాం. సున్నం మీద మాత్రం ఎవరికీ అనుమానం ఉండదు. తమలపాకుల పళ్లెంలోనో, తాతగారి పొగాకు సంచిలోనో అలా పడి ఉంటుంది. మన దేశంలో పిల్లల కళ్లను కాల్చేస్తున్న రసాయనాల్లో ఇది ముఖ్యమైనదని కంటి డాక్టర్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. చిన్న ప్లాస్టిక్ పొట్లం, లోపల మెత్తటి తెల్లటి ముద్ద. పిల్లలు ఊరుకుంటారా? నొక్కుతారు, పళ్లతో కొరుకుతారు. అది టప్పున పగిలి మొహం మీదికి చిమ్ముతుంది.

సున్నం క్షారం. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్; 7 దాటితే క్షారం. తడి సున్నం పీహెచ్ 12 దాటుతుంది, కన్నీటిది 7.4 దగ్గర. ఆమ్లం పడితే కంటి పైపొరలోని ప్రొటీన్లు గడ్డకట్టి, ఆ గడ్డే చాలావరకు అడ్డుగోడలా నిలుస్తుంది. క్షారానికి ఆ అడ్డు ఉండదు. సబ్బుల తయారీలో కాస్టిక్ సోడా నూనెను ఏం చేస్తుందో, కణాల పొరల్లోని కొవ్వును క్షారం అదే చేస్తుంది. దారి చేసుకుంటూ కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) దాటి లోలోపలికి దిగిపోతుంది. సున్నంతో ఇంకో తంటా ఉంది. దాని ముద్ద పైరెప్ప కింద ఇరుక్కుని, కొద్దికొద్దిగా కరుగుతూ గంటల తరబడి కాలుస్తూనే ఉంటుంది.

అందుకే ఆటో పిలవడానికి ముందే నీళ్లు. ఆస్పత్రికి తీసుకెళ్లాక కడుగుతారులే అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. ‘సున్నం మీద నీళ్లు పోస్తే ఉడుకుతుంది కదా’ అని కొందరు జంకుతారు. ఉడికేది కాల్చిన పొడి సున్నం. పొట్లంలోది ముందే నీళ్లు తాగి చల్లారిన సున్నం. పొడి సున్నమే పడితే మొహం మీదున్నది గబగబా దులిపేసి, ఆ వెంటనే నీళ్లు అందుకోవాలి. కుళాయి కిందైనా సరే, చెంబుతోనైనా సరే, కనీసం అరగంట ధారగా పోయాలి. దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా తల వంచాలి, లేకపోతే ఆ నీళ్లు రెండో కంట్లోకి పోతాయి. మంటకు రెప్ప బిగుసుకుపోతుంది కాబట్టి పిల్లవాణ్ణి ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు వేళ్లతో రెప్పలు విడదీయాలి. ఏడుస్తాడు. ఏడవనివ్వండి.

క్షారానికి ఆమ్లం విరుగుడని బడిలో చదివాం కదా అని నిమ్మరసం పిండకండి. రెండూ కలిస్తే వేడి పుడుతుంది, పైగా ఆమ్లం గాయం అదనం. చనుబాలు, ఆముదం వెతకడంలో పోయేదీ విలువైన సమయమే.

ఆస్పత్రిలో కింది రెప్పలో పీహెచ్ కాగితం ముక్క ఆనించి చూస్తారు. అది 7 దగ్గరికి వచ్చేదాకా సెలైన్‌తో కడుగుతూనే ఉంటారు. మొద్దుబార్చే చుక్కలు వేసి, పైరెప్పను తిరగేసి, ఇరుక్కున్న సున్నాన్ని దూదిపుల్లతో తీస్తారు. ఇక్కడ ఇంట్లోవాళ్లు పొరబడే విషయం ఒకటుంది. కన్ను ఎర్రబడితే కంగారుపడతారు, తెల్లగా ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి పాలిపోయిన తెలుపే ఎక్కువ ప్రమాదం. నల్లగుడ్డు అంచున రక్తనాళాలు కాలి మూసుకుపోయాయని దానర్థం.

ఆ అంచు పేరు లింబస్. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడే. అవి చనిపోతే పక్కనున్న తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది, చూపు మసకబారుతుంది. దాత కార్నియా ఒక్కటే కుట్టినా నిలవదు, ఎందుకంటే దాని పైపొరను నిలబెట్టే కణాలే లేవు. దీనికి హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసుల బృందం ఒక తేలికైన పద్ధతి కనిపెట్టి 2012లో ప్రకటించింది. బాగున్న కంటి లింబస్ నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని సన్నటి తునకలుగా కోసి, కాన్పులో వచ్చిన మాయ నుంచి తీసి భద్రపరచిన పలుచని పొర మీద జిగురుతో అంటిస్తారు. కణాలు ల్యాబ్‌లో కాకుండా దెబ్బతిన్న కంటి మీదే పెరుగుతాయి. ‘స్లెట్’ అనే ఈ పద్ధతిని ఇప్పుడు ఇతర దేశాల్లోనూ చేస్తున్నారు.

అయితే సాయం చేయడానికి రెండో కన్ను బాగుండాలి. రెండూ కాలితే కణాలు రక్తసంబంధీకులో, మరణించిన దాతో ఇవ్వాలి. శరీరం వాటిని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు చాలాకాలం వాడాలి.