అమ్ములు పొలం దొరికింది, బంటి ఇల్లు దొరకలేదు

తెనాలి,
మంగళవారం రాత్రి.

చి. బంటికి, చి. అమ్ములుకు,

తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి. నానమ్మ మోకాలు ఇప్పుడు నయం, మెట్లెక్కుతోంది.

మొన్న ఆదివారం రాత్రి ఫోనులో ఒకపక్క అమ్ములు ఏడుపు, ఒకపక్క బంటి అరుపులు, వెనకాల మీ అమ్మ కేకలు. ఆ సందడిలోనే నేను చెప్పింది చెప్పినట్టు చేసి కంప్యూటర్ ఆటలోని పొలం బతికించుకున్నారు. అదెలా బతికిందో అడిగే తీరిక మీకు లేదు, చెప్పే ఓపిక నాకు లేదు. ఫోను పెట్టేసే ముందు బంటి ఒక మాటన్నాడు: "చెల్లిది వచ్చింది కదా, మరి దసరాకి నా ఆటలో పోయిన ఇల్లు ఎందుకు రాలేదు తాతయ్యా?" ఆ ప్రశ్నకు జవాబు ఫోనులో తెమిలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు అమ్ములు సంగతి. నువ్వు పొలం సాగుచేసే ఆ స్టార్‌డ్యూ వ్యాలీలో ఆట ఎప్పుడు సేవ్ అవుతుందో నీకు తెలుసుగా అమ్మలూ. పగలంతా ఎన్ని నీళ్లు పోసినా, ఎన్ని చేపలు పట్టినా ఏదీ డిస్కుకెక్కదు. రాత్రి మంచమెక్కి పడుకున్నప్పుడే ఆ రోజు లెక్కంతా రాసుకుంటుంది. నువ్వు మంచమెక్కావు, సరిగ్గా ఆ కాసిని సెకన్లలోనే గాలివానకు కరెంటు పోయింది. మీ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్లయిందో, ఛార్జర్ తీగ ఉంటేనే దానికి ప్రాణం. ఠప్పున ఆరిపోయింది. కరెంటొచ్చాక చూస్తే లోడ్ జాబితాలో నీ పొలమే లేదు.

జాబితాలో లేనంత మాత్రాన డిస్కులో లేనట్టు కాదు. అందుకే నేను మొట్టమొదట "ఆట మూసెయ్యండి" అన్నాను. తర్వాత విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కించి, వచ్చిన చిన్న పెట్టెలో %యాప్‌డేటా% అని కొట్టించాను గుర్తుందా? అక్కడ స్టార్‌డ్యూ వ్యాలీ ఫోల్డరు, దాని లోపల సేవ్స్, దాని లోపల నీ పేరు పక్కన పొడుగాటి అంకె ఉన్న ఫోల్డరు. దాన్ని అట్లాగే కాపీ చేసి డెస్క్‌టాప్ మీద పడెయ్యమన్నాను. బంటి విసుక్కున్నాడు, "పాడైపోయినదాన్ని కాపీ చేసుకోవడమేంటి?" అని. ఆ విసుగుకు బదులు కింద చెప్తాను.

ఆ ఫోల్డర్లో నాలుగు ఫైళ్లున్నాయి. నీ పేరూ అంకే ఉన్నది ఒకటి, అదే అసలు పొలం. సేవ్‌గేమ్‌ఇన్ఫో అనేది ఇంకొకటి, లోడ్ జాబితాలో చూపించే పేరూ డబ్బూ తేదీ లాంటి ముక్తసరి సమాచారం దాన్లో ఉంటుంది. మిగతా రెండూ వీటి కవలలే, కాకపోతే పేరు చివర "_ఓల్డ్" అని తోక ఉంటుంది. పెద్ద ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవమంటే ఏం కనిపించింది? సైజు చూస్తే మామూలుగానే ఉంది, లోపల మాత్రం తెల్లకాగితం. అక్షరమ్ముక్క లేదు. ఓల్డ్ తోక ఉన్నది తెరిస్తే మొదటి గీతలోనే ఎక్స్‌ఎంఎల్ అని మొదలై, కాస్త కిందికి పోతే నీ పేరు, నీ డబ్బు, వెతికితే నీ కోళ్ల పేర్లు కూడా కనపడ్డాయి. "చుక్కమ్మ ఉంది!" అని నువ్వు వేసిన కేకకు నానమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

సైజు ఉండి లోపల ఏమీ లేకపోవడమేమిటని మీకు అనుమానం రావాలి. రాకపోతే నేను తెప్పిస్తాను.

మా నాన్న, అంటే మీ ముత్తాత, బియ్యం మిల్లులో గుమాస్తా. ఆయన దగ్గర రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు అప్పటికప్పుడు గీకేది చిట్టా. సాయంత్రం నిదానంగా కూర్చుని ఎవరి పద్దు వాళ్ల పేజీలో ఎక్కించేది ఆవర్జా. మధ్యలో దీపం ఆరినా, ఎవరైనా పిలిచినా ఆయనకు బెంగ లేదు, చిట్టా చూసుకుని ఆవర్జా సరిచేసుకునేవాడు. విండోస్‌లో డిస్కు మీద ఫైళ్లను సర్దే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతి కూడా అలాంటి చిట్టా ఒకటి రాసుకుంటుంది. అయితే దాని చిట్టా పిసినారిది. ఏ ఫైలు పేరు మారింది, సైజెంత, డిస్కులో ఏ గది ఇచ్చాం, అంతవరకే రాస్తుంది. ఆ గదిలో ఏం పెట్టారో రాయదు. పైగా ఆట "ఇదిగో రాసెయ్" అని ఇచ్చిన సరుకును విండోస్ వెంటనే డిస్కుకు చేర్చదు. కాసేపు మెమరీలో పోగేసి తర్వాత ఒక్కసారిగా పంపుతుంది, పని త్వరగా తెమలాలని. ఆ కాసేపట్లోనే కరెంటు పోయిందనుకోండి, తిరిగి లేచాక చిట్టా ప్రకారం పేరు సరిగ్గానే ఉంటుంది, సైజూ సరిగ్గానే ఉంటుంది, గదిలో మాత్రం అన్నీ సున్నాలు. అమ్ములు చూసిన తెల్లకాగితం అదే.

ఆట రాసినవాళ్లు ఇది ఎరిగినవాళ్లే. అందుకే కొత్తది రాసేముందు నిన్న రాత్రిదాన్ని చెరపకుండా ఓల్డ్ అని తోక తగిలించి పక్కన పెడతారు. మనం చేసిందల్లా పాడైన రెండు ఫైళ్లను బయటికి తీసి, ఓల్డ్ రెండింటికీ తోక కత్తిరించడం. రెండూ అన్నది మరిచిపోకండి, ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కుదరదు.

ఇక బంటీ, నీ సంగతి. దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టే నీ మైన్‌క్రాఫ్ట్ ఆట జావా వెర్షన్‌లోనూ ఇదే ఏర్పాటుంది. అదే యాప్‌డేటాలో చుక్కతో మొదలయ్యే మైన్‌క్రాఫ్ట్ ఫోల్డరు, దాన్లో సేవ్స్, దాన్లో నీ ప్రపంచం. అందులో లెవెల్.డ్యాట్ అని చిన్న ఫైలుంటుంది, పక్కనే లెవెల్.డ్యాట్_ఓల్డ్. ప్రపంచం విత్తనం (ఆ నేలంతా ఏ అంకె నుంచి పుట్టిందో ఆ అంకె), టైము, వాతావరణం, ఒంటరిగా ఆడేటప్పుడు నీ చేతిలోని సామాను అందులో ఉంటాయి. అది పాడైతే ప్రపంచం తెరుచుకోదు. ఓల్డ్ తోక కత్తిరిస్తే చాలు. ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చని విండోస్ బెదిరిస్తుంది, పట్టించుకోకు. కొత్త వెర్షన్లు కొన్ని పాతదాంతో తెరవమంటారా అని తామే అడుగుతాయి. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. పెట్టెలో ఏముందో ఒకచోట, చేతిలో ఏముందో ఇంకోచోట రాస్తారు కాబట్టి, పాత లెవెల్ ఫైలుతో తెరిస్తే ఒక్కోసారి పెట్టెలో దాచిన వజ్రాలు పెట్టెలోనూ ఉంటాయి, చేతిలోనూ ఉంటాయి. అది దొంగతనమా కాదా అనేది మీ ఇద్దరూ తేల్చుకోండి.

కానీ దసరాకి నీకు పోయింది లెవెల్ ఫైలు కాదురా. నీ ఇల్లు ఉన్నది రీజియన్ ఫోల్డర్లో. అడ్డం 16, నిలువు 16 దిమ్మెల చొప్పున నేలను చంక్‌లుగా కోస్తారు. అలాంటి చంక్‌లు 1024 కలిపి ఒక ఫైలు. ఫైలు మొదట్లో ఏ చంక్ ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఉంటుంది. సూచిక చెడినా, చంక్ చెడినా, ఆటకు ఆ ముక్క చదవడం రాదు. చదవలేకపోతే ఊరుకోదు, ఇక్కడ ఎవరూ రానట్టే విత్తనాన్నిబట్టి ఆ ముక్కను మళ్లీ మొదటినుంచీ పుట్టిస్తుంది. నీ ఇంటి నడిమధ్యలో కత్తితో కోసినట్టు నాలుగు పలకల గుట్ట లేచింది అందుకే. సగం మంచం ఇటు, గుట్ట మీద ఎక్కడిదో మేక అటు.

ఆ గుట్ట చూసి నువ్వేం చేశావు? బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లావు. "ఈసారి వస్తుందేమో" అని మళ్లీ వెళ్లావు. పదిసార్లు. ఆట ఆడుతున్నంతసేపూ దానంతటది సేవ్ చేస్తూనే ఉంటుంది కదా, నువ్వు లోపల తిరిగిన ప్రతిసారీ కొత్త గుట్టను భద్రంగా రాసుకుంది. సూచిక ఒక్కటే చిరిగి పాఠం లోపల మిగిలే ఉంటే, దాన్ని వెతికి సూచిక తిరిగి కట్టే పనిముట్లు ఉన్నాయి. నువ్వు నాకు ఫోను చేసేసరికి పాఠం మీద ఇంకో పాఠం రాసేశారు. వేరే కాపీ అంటూ ఎక్కడా లేదు. అమ్ములు ఏం చేసింది? ఏడ్చింది, మూత వేసింది, నాకు ఫోను చేసింది. మీ ఇద్దరికీ తేడా అంతే. పాడైనదాన్ని కాపీ చేసుకోవడమేమిటన్నావే, అందుకు! మన చేతులు ఆగవు, ఏదో ఒకటి నొక్కుతాయి, ఆ నొక్కేదేదో కాపీ మీద నొక్కాలి.

నిన్ను తప్పు పట్టే అర్హత నాకు లేదులే. నాకు డీటీపీ షాపు ఉన్న రోజుల్లో ఒక తెలుగు మాస్టారు 108 పద్యాలు పుస్తకం వేసుకుంటానని తెచ్చారు. సగం పైగా కొట్టాక కరెంటు పోయింది, ఫైలు తెరుచుకోవడం మానేసింది. నాకేం భయం, ఫ్లాపీలో రాత్రి కాపీ ఉందిగా! కంగారులో ఫ్లాపీ నుంచి కంప్యూటర్లోకి ఎక్కించాల్సింది, కంప్యూటర్లోని చెడ్డదాన్ని ఫ్లాపీలోకి ఎక్కించాను. "ఉన్నదాని మీద రాయనా?" అని అడిగింది కూడా. రాయి అన్నాను. మూడు రాత్రులు మాస్టారు పక్కన కూర్చుని చదువుతుంటే మళ్లీ కొట్టాను. ఆయన కోప్పడలేదు. కొట్టేటప్పుడు నాలుగు పద్యాలు మార్చుకున్నారు కూడా. నాకు మాత్రం ఇప్పటికీ ఆ ప్రశ్న తెర మీద కనిపిస్తే చెయ్యి ఆగుతుంది.

రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను, నానమ్మ లైటు ఆర్పమంటోంది. చెరిపేసిన ఫైళ్లు తిరిగి తెచ్చే ప్రోగ్రాములున్నాయి గానీ మీ లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ అనే తిరగని రకం డిస్కు ఉంది. అది చెరిపిన గదులను తొందరగా ఊడ్చి తుడిచేస్తుంది, వాటి మీద ఆశ పెట్టుకోకండి. ఆటలు కొనే స్టీమ్ వాళ్లు ఇంటర్నెట్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ కాపీ, ఇక్కడి కాపీ ఒకదానితో ఒకటి సరిపోలడం లేదు, ఏది ఉంచను అని అడిగితే తేదీలు చదవకుండా దేన్నీ నొక్కకండి. క్లౌడ్ కూడా నా ఫ్లాపీ లాంటిదే, చెడ్డదాన్ని పంపితే చెడ్డదాన్నే దాస్తుంది. బంటీ, మైన్‌క్రాఫ్ట్ జాబితాలో నీ ప్రపంచాన్ని ఎంచుకుని ఎడిట్‌లోకి వెళ్తే బ్యాకప్ తీసే బటన్ ఉంటుంది. కొత్త ఇంటికి పైకప్పు వేసిన రోజు అది నొక్కు. బ్యాటరీ సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

అమ్మలూ, పోయింది ఒక్క రోజేగా, ఆ రోజు పట్టిన క్యాట్‌ఫిష్ పోయిందని ఇంకా దిగులుపడుతున్నావట. నువ్వు మళ్లీ ఆడబోయేది అదే రోజు. ఆ రోజు వాన ఆ ఓల్డ్ ఫైల్లోనే రాసి ఉంది, కాబట్టి మళ్లీ పడుతుంది. వసంతంలో వాన పడితే ఆ చేప నదిలోకొస్తుంది, రాత్రి పన్నెండులోపు గాలం వెయ్యి.

మీ తాతయ్య