రంగు కలిపే మిషన్ ఎవరిదైతే కొట్టు వాళ్లదే

పెయింట్ కంపెనీల గొడవ మళ్లీ పైకొచ్చింది. డీలర్లను ఒత్తిడి చేస్తోందని బిర్లా వాళ్ల గ్రాసిమ్ ఇచ్చిన ఫిర్యాదుతో ఏషియన్ పెయింట్స్ మీద కాంపిటీషన్ కమిషన్, అంటే వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో చూసే సీసీఐ, వేసిన దర్యాప్తును ఆపడానికి 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు కొట్ల వాళ్లకు ఇందులో అర్థం కానిది ఒక్కటే. రెండు పెద్ద కంపెనీలు కొట్టుకుంటుంటే మధ్యలో డీలర్ల ఊసెందుకు? నా లెక్కలో దీనికి జవాబు 2025లో లేదు, పాతికేళ్ల వెనక కౌంటరు పక్కన రంగు కలిపే టింటింగ్ మిషన్ దిగిన రోజుల్లో ఉంది.

1942లో ముంబైలో నలుగురు స్నేహితులు కంపెనీ పెట్టడం, ఆర్‌కే లక్ష్మణ్ గీసిన ‘గట్టు’ అనే కుర్రాడి బొమ్మ, 1967కల్లా దేశంలో మొదటి స్థానం, ఇవన్నీ చాలామంది రాసేశారు. అందులో మనకు కావలసిన ముక్క ఒక్కటే: హోల్‌సేలర్లను తప్పించి నేరుగా చిన్న కొట్లకు సరుకు వెయ్యడం. దాంతో కందుకూరు లాంటి ఊళ్లో కొట్టుకూ కంపెనీకీ మధ్య ఇంకెవరూ లేకుండా పోయారు. సరుకు తొందరగా వచ్చేది, అది నిజమే. కానీ అప్పు ఇచ్చేదీ, స్కీమ్ ఇచ్చేదీ, టార్గెట్ పెట్టేదీ ఒకే చెయ్యి అయిపోయింది.

అప్పట్లో షేడ్ కార్డులో ఎన్ని రంగులుంటే అన్ని డబ్బాలు అరల్లో పెట్టుకోవాల్సి వచ్చేది. లీటరు, నాలుగు లీటర్లు, ఇరవై లీటర్లు, ప్రతి సైజులోనూ. పండక్కి అమ్ముడుపోని ముదురు రంగులు ఏళ్ల తరబడి అక్కడే గడ్డకట్టేవి, కొట్టతని డబ్బు కూడా వాటితోపాటే గడ్డకట్టేది. కార్డులో లేని రంగు కావాలంటే మేస్త్రి తెల్ల డబ్బాలో స్టెయినర్, అంటే చిక్కటి రంగు, పిండి కంటి అంచనాతో కలిపేవాడు. డబ్బా అయిపోయి రెండోసారి కలిపితే అదే రంగు వచ్చే గ్యారంటీ లేదు, ఒకే హాల్లో రెండు గోడలు రెండు రకాలుగా కనిపించేవి.

90ల చివర్లో ఏషియన్ పెయింట్స్ కలర్ వరల్డ్ పేరుతో మిషన్లను కొట్లలోకి తెచ్చింది. మిగతా పెద్ద కంపెనీలవీ ఇలాంటివే వచ్చాయి. పనిచేసే తీరు సులువు. కొట్లో కొన్ని రకాల బేస్‌లు, అంటే ఇంకా రంగు కలపని పెయింట్ డబ్బాలు, ఉంటే చాలు. షేడ్ నంబరు కొడితే కంప్యూటర్ ఫార్ములా చూసి ఏ కలరెంట్, అంటే ఏ రంగు ద్రవం, ఎన్ని చుక్కలో లెక్కగా వదులుతుంది, తర్వాత డబ్బాను షేకర్‌లో పెట్టి తిప్పుతారు. వందల రంగులు నాలుగైదు బేస్‌ల నుంచి వచ్చేస్తాయి. డీలరుకు చచ్చిన స్టాకు తగ్గింది, ఇల్లు కట్టుకున్న వాళ్లకు అడిగిన రంగు దొరికింది. ఇది గొప్ప మేలు, కాదనను.

కానీ ఒక కంపెనీ ఫార్ములా ఇంకో కంపెనీ బేస్‌కు పనికిరాదు. ఇంటాయన వచ్చి చూపించేది రంగు కాదు, షేడ్ నంబరు. ఆ నంబరు కంపెనీది. మూడేళ్ల తర్వాత ఒక గోడ చెడితే మళ్లీ అదే నంబరు కోసం రావాలి. పైగా మిషను, కంప్యూటరు, షేకరు, బేస్‌ల స్టాకు కలిసి చిన్న కొట్లో సగం ఆక్రమిస్తాయి, వాడకుండా వదిలేస్తే నాజిల్స్ ఎండిపోతాయి. కాబట్టి రెండో కంపెనీ మిషన్ పెట్టుకోవడమంటే మామూలు సరుకు తెచ్చుకున్నట్టు కాదు, మొదటి కంపెనీ వాళ్లకు కళ్లెదురుగా చెప్పినట్టే, ఇక మీరొక్కరే కాదని.

బయటి దేశాల పెద్ద కంపెనీలు ఇక్కడ ఎందుకు తేలిపోయాయో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌కు చెందిన షెర్విన్ విలియమ్స్ 2017లో సుమారు 11.3 బిలియన్ డాలర్లకు వాల్‌స్పార్ అనే ఇంకో పెయింట్ కంపెనీని కొనేసింది. అంత షెర్విన్ విలియమ్స్ కూడా మన ఇళ్ల రంగుల వ్యాపారాన్ని 2013లో బెర్జర్‌కు అమ్మేసి వెళ్లింది. బ్రిటన్ కంపెనీ ఐసీఐ 1997లో ఏషియన్ పెయింట్స్‌లో 9 శాతం దాకా వాటా కొనబోతే బోర్డు షేర్ల బదిలీకి ఒప్పుకోలేదు. డ్యూలక్స్ అమ్మే డచ్ కంపెనీ అక్జోనోబెల్ వాళ్ల ఇండియా శాఖ 2025లో స్టీలు వ్యాపారం చేసే జేఎస్‌డబ్ల్యూ గ్రూపు చేతికి పోయింది. బ్రాండ్ కొనొచ్చు, ఫ్యాక్టరీ కట్టొచ్చు, ఊరూరా కౌంటర్లను మాత్రం అలా కొనలేరు.

షెర్విన్ విలియమ్స్ అమెరికాలో వేల సంఖ్యలో సొంత షాపులు నడుపుతుంది, తన షాపులో పక్క కంపెనీ డబ్బా పెట్టనంటే ఎవరూ అడగలేరు. మన దగ్గర కొట్టు కంపెనీది కాదు. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు, కుర్రాళ్ల జీతాలు డీలరువి, మేస్త్రీలకు ఉద్దెర ఇచ్చి వసూళ్లకు తిరిగేదీ ఆయనే. ఆ కొట్లో ఏం అమ్మాలో కంపెనీ చెప్పొచ్చా అన్నదే ఈ కేసంతా.

ఈ ప్రశ్న మొదటిసారి అడిగింది జేఎస్‌డబ్ల్యూ. 2019లో ఏ రంగైనా ఒకే ధర అంటూ రంగంలోకి దిగింది. తమ సరుకు పెట్టుకున్న డీలర్లను ఏషియన్ పెయింట్స్ ఒత్తిడి చేస్తోందని ఆ ఏడాదే సీసీఐకి వెళ్లింది. 2020 జనవరిలో దర్యాప్తుకు ఆదేశించిన సీసీఐ, 2022 సెప్టెంబరులో ఉల్లంఘన రుజువు కాలేదని ఫైలు మూసేసింది.

ఈసారి వచ్చింది బిర్లా. గ్రాసిమ్ 10,000 కోట్ల పెట్టుబడి ప్రకటించి 2024 ఫిబ్రవరిలో బిర్లా ఓపస్ మొదలుపెట్టింది. ఆరు ఫ్యాక్టరీల్లో ఒకటి మనకు దగ్గరే, తమిళనాడు చెయ్యార్‌లో. వాళ్లు ముందు పట్టుకున్నది మిషన్‌నే: డీలర్లకు టింటింగ్ మిషన్లు ఉచితంగా ఇచ్చారు. ఆ తర్వాత ఏం జరిగిందో గ్రాసిమ్ ఫిర్యాదులో వరసగా ఉంది. ఏషియన్ పెయింట్స్ ఒక్కదానితోనే ఉన్న డీలర్లకు అదనపు డిస్కౌంట్లు, విదేశీ టూర్లు. ఓపస్ పెట్టుకున్న వాళ్లకు క్రెడిట్ లిమిట్, అంటే అప్పు మీద సరుకిచ్చే హద్దు, తగ్గించడం, టార్గెట్లు పెంచడం, ఓపస్ మిషన్ వెనక్కి పంపెయ్యమనడం. ముడిసరుకు సరఫరాదార్లు, గోడౌన్ ఓనర్లు, ట్రాన్స్‌పోర్టు వాళ్లను కూడా బెదిరించారని ఆరోపణ. ఇవి ఆరోపణలే, రుజువులు కావు. అయినా 2025 జూలై 1న సీసీఐ వీటిలో ప్రాథమికంగా పస ఉందని చెప్పి, 90 రోజుల్లో నివేదిక ఇమ్మని దర్యాప్తు చేసే అధికారి డైరెక్టర్ జనరల్‌ను ఆదేశించింది.

ఏషియన్ పెయింట్స్ దీన్ని ఒప్పుకోవడం లేదు. 2022లో తేలిపోయిన విషయాన్నే మళ్లీ తవ్వకూడదని బాంబే హైకోర్టులో వాదించింది. పాత కేసు ఉన్నంత మాత్రాన కొత్త ఫిర్యాదు మీద దర్యాప్తు చెయ్యకూడదని లేదని సెప్టెంబరులో హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చిన్న డీలరుకు క్రెడిట్ లిమిట్ కొయ్యడమంటే ఏంటో కోర్టు కాగితాల్లో కనిపించదు. సంక్రాంతికి ముందు నెలన్నర, ఎండాకాలం గృహప్రవేశాల రోజులు, ఏడాది వ్యాపారం దాదాపు అప్పుడే. సరిగ్గా అప్పుడు లిమిట్ తగ్గితే బేస్ రాదు. బేస్ లేకపోతే మేస్త్రి పక్క కొట్టుకు వెళ్తాడు, డబ్బాలో మేస్త్రి కోసం కంపెనీ పెట్టే బహుమతి టోకెన్ కూడా అక్కడే తీసుకుంటాడు, ఇక తిరిగి రాడు. ఏ కంపెనీ చేసినా సరే, రాతపూర్వకంగా ఒక్క ముక్క లేకుండా డీలరును దారికి తెచ్చుకోవడానికి ఇది చాలు. ఫోన్లో చెప్పిన మాటకు ఆధారం చూపించమంటే డీలరు ఎక్కడి నుంచి తెస్తాడు?

అందుకే ఈసారి డైరెక్టర్ జనరల్ మనుషులు కంపెనీ ఆఫీసుల దగ్గరే ఆగకుండా మన ఊళ్ల కొట్లకు కూడా వచ్చి, డీలర్ల లెడ్జర్లలో ఏ నెల లిమిట్ ఎంత మారిందో చూడాలి. తప్పు తేలితే సీసీఐ మూడేళ్ల సగటు టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా వెయ్యొచ్చు, 2023 సవరణతో అది ప్రపంచవ్యాప్త టర్నోవర్ మీద లెక్క. ఆ డబ్బు ప్రభుత్వానికి వెళ్తుంది. నష్టపోయిన డీలరు పరిహారం కావాలంటే విడిగా అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి.