హాలోవీన్: పిల్లలకిచ్చి పెద్దలు వెనక్కి తీసుకున్న పండగ

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో చెసపీక్ అనే ఊరుంది. 1970లో అక్కడ ఒక చట్టం చేశారు. పన్నెండేళ్లు దాటినవాళ్లు హాలోవీన్ రాత్రి, అంటే అక్టోబరు 31న, వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగితే నేరం. జరిమానా సరే, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. చాక్లెట్లు అడిగితే జైలేమిటని ఊరు నవ్వులపాలయ్యాక, 2019లో వయసును పద్నాలుగుకు పెంచి జైలు మాట తీసేశారు.

చట్టం మెత్తబడింది కానీ దాని వెనకున్న నమ్మకం అలాగే ఉంది. వేషాలు కట్టడం చిన్నపిల్లల ముచ్చట, మీసాలొచ్చాక మానుకోవాలి అని. ఏటా అక్టోబరు చివర్లో ఈ గొడవ మళ్లీ లేస్తుంది. ముప్ఫై అయిదేళ్లొచ్చాక రక్తపిశాచి వేషమేమిటని ఒకరు, నా డబ్బు నా సరదా అని ఇంకొకరు. నిజానికి ఇది పిల్లల కోసం పుట్టిన పండగ కాదు. పూర్తిగా వాళ్ల చేతిలో ఉన్నది మహా అయితే నలభై ఏళ్లు.

మూలాల గురించి క్లుప్తంగా. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ సావిన్ అనే పండగ ఉండేది. ఆ రాత్రి అవతలి లోకం వాళ్లు ఇటు తిరుగుతారని నమ్మేవారు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో చర్చి నవంబరు 1ని సకల పరిశుద్ధుల పండగగా స్థిరపరిచింది. తర్వాత నవంబరు 2 చనిపోయినవాళ్లందరి రోజైంది. మన ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండగ అదే. పరిశుద్ధుల పండగకు ముందు రాత్రి హాలోవీన్.

ఆ రాత్రి అసలు సందడి పెళ్లికాని అమ్మాయిలది, అబ్బాయిలది. యాపిల్ తొక్కను తెగకుండా ఒకే పొడుగు చుట్టగా తీసి, ఎడమ భుజం మీదుగా వెనక్కి విసిరేవారు. కింద పడ్డ తొక్క ఏ అక్షరంలా కనిపిస్తే కాబోయేవాడి పేరు ఆ అక్షరంతో మొదలవుతుందన్నమాట. పొయ్యి నిప్పుల మీద రెండు గింజలు పెట్టి, ఒకదానికి తన పేరు, ఇంకోదానికి మనసులో ఉన్నవాడి పేరు పెట్టేవారు. రెండూ నిదానంగా పక్కపక్కనే కాలితే కాపురం చల్లగా సాగుతుంది. ఒకటి టప్పున పేలి ఎగిరిందంటే ఇక ఆ సంబంధం మీద ఆశ వదులుకోవడమే. అర్ధరాత్రి కొవ్వొత్తి పట్టుకుని అద్దంలోకి చూస్తే వెనక అతని మొహం కనబడుతుందనేవారు. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఇలాంటి ఆటల మీద పెద్ద కవితే రాశాడు. అందులో ఉన్నది పల్లెటూరి యువతీ యువకులు, వాళ్ల సరసాలు, వాళ్ల భయాలు. మిఠాయి సంచులు పట్టుకున్న పిల్లలు ఎక్కడా లేరు.

1840ల్లో బంగాళాదుంప తెగులుతో ఐర్లండ్‌లో కరువొచ్చింది. లక్షల మంది ఓడలెక్కి అమెరికా చేరారు, పండగా వాళ్లతో పాటే వెళ్లింది. లోపల దీపం పెట్టడానికి చెక్కే టర్నిప్ దుంప స్థానంలోకి అక్కడ గుమ్మడికాయ వచ్చింది. మధ్యతరగతి ఇళ్లలో హాలోవీన్ పార్టీ ఒక మర్యాదైన వేడుకైంది. 1909లో డెనిసన్ అనే కాగితం కంపెనీ బోగీ బుక్ పేరుతో ఒక చిన్న పుస్తకం అచ్చేసింది. బల్ల ఎలా అలంకరించాలి, ఏ ఆటలు ఆడాలి, క్రేప్ కాగితంతో వేషం ఎలా కుట్టుకోవాలి, అన్నీ అందులో ఉండేవి. అవి ఒక్క రాత్రికి సరిపడే కాగితపు బట్టలు, తెల్లారితే చెత్తబుట్టలోకే. ఆ పార్టీలిచ్చేది పెద్దవాళ్లు, వేషాలేసుకునేదీ వాళ్లే.

మరి పిల్లల చేతికి ఎలా వెళ్లింది? ఆకతాయిల వల్ల. హాలోవీన్ అంటే కుర్రాళ్లకు తుంటరి పనుల రాత్రి కూడా. పల్లెల్లో గేట్లు ఊడదీసుకుపోవడం, బండిని ముక్కలుగా విప్పి ఎవరి కొట్టం కప్పు మీదో మళ్లీ బిగించడం లాంటివి చేసేవారు. తిట్టుకున్నా తర్వాత నవ్వుకునేవారు. అదే అల్లరి నగరాలకెళ్లేసరికి కిటికీ అద్దాలు పగలడం, ట్రాములు ఆగిపోవడం అయింది. 1930ల్లో, అసలే ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఈ నష్టం ఊళ్లకు పెద్ద తలనొప్పిగా మారింది.

కుర్రాళ్లను వీధిలోంచి తప్పించాలంటే వాళ్లకు వేరే పని చూపించాలి. మిన్నెసోటాలోని అనోకా 1920లోనే ఈ దారి పట్టింది. అంతకు ముందు హాలోవీన్‌కి ఆవులు మెయిన్ రోడ్డు మీద తిరిగాయని, అందుకే ఊరి పెద్దలు ఊరేగింపు, తినుబండారాలు ఏర్పాటు చేశారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1930ల్లో ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే ట్రిక్ ఆర్ ట్రీట్ పద్ధతి వ్యాపించింది. అల్లరి చేయకుండా ఉండటానికి ముందే ముట్టజెప్పే మామూలు లాంటిదది. యుద్ధకాలంలో పంచదారకు రేషన్ పెట్టడంతో కాస్త ఆగి, 1947లో రేషన్ ఎత్తేశాక ఒక్కసారిగా ఊపందుకుంది. కొత్త కాలనీలు, వరసగా ఇళ్లు, ప్రతి ఇంట్లో చిన్నపిల్లలు, షాపుల్లో రెడీమేడ్ ప్లాస్టిక్ మాస్కులు. 1950ల నాటికి హాలోవీన్ అంటే పిల్లల పండగే అన్నది అందరికీ స్థిరపడిపోయింది. ఇప్పటి పెద్దలు “మా చిన్నప్పుడు” అని తలుచుకునేది ఈ రూపాన్నే.

1974 అక్టోబరు 31న రెండు ఘటనలు జరిగాయి. టెక్సస్‌లో ఒక తండ్రి బీమా డబ్బు కోసం సొంత కొడుక్కి సయనైడ్ కలిపిన మిఠాయి తినిపించి చంపాడు. తప్పు ఎవరో అపరిచితుల మీదికి నెట్టాలని చూశాడు. అతనికి 1984లో మరణశిక్ష అమలైంది. అపరిచితులు మిఠాయిల్లో విషం, యాపిల్స్‌లో బ్లేడ్లు పెడతారన్న భయం మాత్రం దేశమంతా పాకింది. 1982లో షికాగోలో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో ఎవరో సయనైడ్ కలిపి ఏడుగురిని బలిగొన్నాక అది ఇంకా ముదిరింది. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958 నుంచి ప్రధాన పత్రికల్లో వచ్చిన వార్తలు తిరగేశాడు. అలా యాదృచ్ఛికంగా పంచిన మిఠాయి తిని ఏ పిల్లవాడైనా చనిపోయిన దాఖలా అతనికి ఒక్కటీ దొరకలేదు. అయినా తల్లిదండ్రుల టెన్షన్ తగ్గలేదు.

1974లో అదే హాలోవీన్ రాత్రి న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో రాల్ఫ్ లీ అనే మాస్కుల కళాకారుడు తన పెద్ద పెద్ద బొమ్మలతో, స్నేహితులతో వీధుల్లో నడిచాడు. ఇరుగుపొరుగు కోసం మొదలుపెట్టిన ఆ ఊరేగింపు కొన్నేళ్లలో నగరమంతా చూడ్డానికొచ్చే వేడుకైంది. పిల్లల పండగ భయంతో ఇళ్లలోకి ముడుచుకుంటుంటే, పెద్దలు అటు వీధిలోకొచ్చారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో దీనికి ఇంకో పాత కారణం ఉంది. అక్కడ 1863 నుంచి 1974 దాకా మగవాళ్లు ఆడవేషం వేయడం చట్టరీత్యా నేరం. హాలోవీన్ రాత్రి ఒక్కటే కాస్త వెసులుబాటు. అదీ అర్ధరాత్రి దాకానే, ఆ తర్వాత బార్ల ముందు పోలీసులు కాచుకుని ఉండేవారు. మోసగించే ఉద్దేశంతో ఆడవేషం వేశారని కేసు పెట్టేవారు. హోసే సరియా అనే గాయకుడు దీనికో ఉపాయం చేశాడు. నల్లపిల్లి తల ఆకారంలో చీటీలు కత్తిరించి, వాటి మీద “నేను మగపిల్లాణ్ణి” అని రాయించి, ఆడవేషాల్లో ఉన్నవాళ్లకి పంచాడు. రొమ్మున చీటీ అంటించుకున్నవాడు ఎవర్ని మోసగించినట్టు? పెద్దలకెందుకు ఈ వేషాలని అడిగేవాళ్లకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

మనకు మాత్రం పెద్దల వేషం కొత్తేం కాదు. పగటి వేషగాళ్లు బతికిందే దాని మీద. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పసుపు పూసుకుని మొక్కు తీర్చుకుంటే ఎవరూ వయసడగరు.

పెద్దల దగ్గర డబ్బుంటుంది కాబట్టి వ్యాపారం వెనకే వచ్చింది. 1980ల్లో బీరు కంపెనీలు హాలోవీన్ ప్రకటనలు మొదలుపెట్టాయి. 1983లో కాలిఫోర్నియాలో పుట్టిన స్పిరిట్ హాలోవీన్ షాపులు, మూతపడ్డ దుకాణాలను కొద్ది వారాలకు అద్దెకు తీసుకుని వేషాలు అమ్ముతాయి. 2023లో అమెరికన్లు ఈ పండగకు దాదాపు 1,220 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని రిటైల్ వర్తకుల సంఘం లెక్కగట్టింది. అందులో పిల్లల వేషాల కంటే పెద్దల వేషాల వాటాయే ఎక్కువ. 2024లో దీపావళి కూడా అక్టోబరు 31నే రావడంతో, అమెరికాలో తెలుగువాళ్ల గుమ్మాల్లో గుమ్మడికాయ, దీపాల వరస పక్కపక్కనే కనిపించాయి.

అయితే పిల్లల పండగకు ప్రతి గుమ్మంలో ఒక పెద్దమనిషి ఉంటాడు. వీధిలోకొచ్చిన పెద్దల గుంపుకి బాధ్యులెవరు? శాన్‌ఫ్రాన్సిస్కో క్యాస్ట్రో వీధిలో 2006 హాలోవీన్ వేడుకలో కాల్పులు జరిగి తొమ్మిది మంది గాయపడ్డారు. మరుసటేడు నగరం ఆ వేడుకే ఆపేసింది. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు నేర్పే బడుల్లో చిన్నప్పుడు హాలోవీన్ చూసిన తరం, పెరిగాక సియోల్‌లోని ఇటెవాన్ వీధుల్లో దాన్ని జరుపుకోసాగింది. 2022 అక్టోబరు 29 రాత్రి, కోవిడ్ ఆంక్షలు పోయాక వచ్చిన మొదటి హాలోవీన్ వారాంతంలో, దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న ఒక వాలు సందులో జనం ఒకరి మీద ఒకరు పడి నలిగిపోయారు. 159 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లే. తొక్కిసలాట భయముందని పోలీసులకు మొదటి ఫోన్ సాయంత్రం 6:34కే వెళ్లింది. ప్రమాదం పది దాటాక జరిగింది. నిర్వాహకులంటూ ఎవరూ లేని గుంపు కాబట్టి భద్రతా ప్రణాళిక ఎవరూ వేయలేదు.

టోక్యోలోని షిబుయాలో 2018లో తాగిన గుంపు ఒక చిన్న ట్రక్కును బోల్తా కొట్టింది. మరుసటేడు హాలోవీన్ రోజుల్లో వీధిలో మద్యం తాగడాన్ని నిషేధించారు. ఇటెవాన్ తర్వాత, 2023లో అక్కడి మేయరే హాలోవీన్‌కి షిబుయా రావొద్దని బహిరంగంగా చెప్పాడు. అందరూ కలుసుకునే హచికో కుక్క విగ్రహం చుట్టూ అడ్డు కట్టేశారు. 2024 అక్టోబరు నుంచి వీధిలో మద్యం మీద నిషేధం ఏడాది పొడవునా, సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా అమలవుతోంది.