కథ, నాటకం రాయడంపై అపోహలు - వాస్తవాలు

కథలు రాస్తాను, నాటకాలూ రాస్తాను. కొత్తగా కలం పట్టినవాళ్ల దగ్గర, నాటక సమాజాల దగ్గర పదేపదే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించి నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: మంచి కథ రాసినవాళ్లకు నాటకం చిటికెలో పని. కథను సంభాషణలుగా విడగొడితే చాలు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కథలో "ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది" అని రాసి ముందుకు పోవచ్చు. రంగస్థలం మీద ఆ వాక్యం చెప్పడానికి ఎవరూ ఉండరు. అందివ్వబోయిన మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేసి ఆమె లోపలికి వెళ్లిపోవాలి. "నాకు బాధగా ఉంది" అని ఆమె చేతే అనిపిస్తే నటికి చేయడానికి ఏమీ మిగలదు.

కథ అర్థం కాకపోతే పాఠకుడు పేజీ వెనక్కి తిప్పుతాడు. ప్రేక్షకుడికి ఆ వీలు లేదు. అందుకే కీలకమైన సంగతిని పాత్ర ప్రవేశించగానే పలికే మొదటి మాటలో పెట్టను. అప్పుడు జనం చూపంతా మనిషి మీద, వేషం మీద ఉంటుంది. మాట చెవిన పడదు. కథలో పదేళ్లు ఒక్క పేరాలో దాటేయవచ్చు. నాటకంలో ఆ పదేళ్లకు లైటు ఆర్పాలి, నటుడు చీకట్లో చొక్కా మార్చుకోవాలి, ఆ కాసేపు ప్రేక్షకుడు ఊరికే కూర్చోవాలి. ఇవన్నీ రాసేటప్పుడే లెక్కలోకి రావాలి. నా మటుకు నాకు రిహార్సల్‌లో నాలుగు రోజులు నలిగితే గానీ నాటక ప్రతి తుది రూపానికి రాదు. నటుడి నోట మూడుసార్లు తడబడిన వాక్యాన్ని నేను మార్చేస్తాను. తప్పు నటుడిది కాదని నా నమ్మకం.

అపోహ: గొప్ప నాటకం ఒక్క ఊపులో పుడుతుంది. ఊహాశక్తి ఉంటే చాలు.

వాస్తవం: గురజాడ 'కన్యాశుల్కం' సంగతే చూడండి. 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఆడించి, అచ్చువేసి, మెప్పు పొందిన తరవాత కూడా ఆయన దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఇక ఊహ సంగతి. మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల, అంటే డబ్బు పుచ్చుకుని ఆడపిల్లను ఇచ్చే పెళ్లిళ్ల, వివరాలు విజయనగరం మహారాజు సేకరింపజేశారని, వాటి సంఖ్య 1034 అని గురజాడ తొలి కూర్పు పీఠికలో రాశారు. ఆ లెక్కల్లో ఏడాది వయసు పిల్లల పెళ్లిళ్లు కూడా ఉన్నాయి. మనం పడీపడీ నవ్వే నాటకం కింద అంత చేదు నిజం ఉంది.

అపోహ: వాడుక భాషలో రాయడం తేలిక, అందరం మాట్లాడేదే కదా.

వాస్తవం: తెలుగు భాష నాటకానికి పనికిరాదన్న అపోహను ఎదుర్కోవడం కూడా తన ఉద్దేశమని గురజాడ అదే పీఠికలో చెప్పుకున్నారు. గ్రాంథికం రాసేవాళ్లకు వ్యాకరణం దన్నుగా ఉంటుంది. వాడుకలో రాసేవాళ్లకు చెవే దిక్కు. 'కన్యాశుల్కం'లో గిరీశం, అగ్నిహోత్రావధాన్లు, మధురవాణి ఎవరి మాట వాళ్లదే. పేర్లు చెరిపేసినా ఏ మాట ఎవరిదో పోల్చుకోవచ్చు. నా ప్రతిని నేను ఇలాగే పరీక్షించుకుంటాను: పేర్లు మూసి చదువుతాను. రెండు పాత్రలు ఒకేలా పలికితే, అక్కడ మాట్లాడుతున్నది నేనన్నమాట.

అపోహ: తెలుగు కథ 1910లో గురజాడ 'దిద్దుబాటు'తో మొదలైంది.

వాస్తవం: భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది. గురజాడ మీద నాకెంత గౌరవం ఉన్నా, ఆవిడ పేరు ముందు చెప్పాల్సిందే.

అపోహ: అసలైన రచయిత కలాన్నే నమ్ముకుని బతుకుతాడు.

వాస్తవం: గురజాడ కళాశాలలో పాఠాలు చెప్పారు. చలం స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. 'నిజం' నాటకం రాసిన రావిశాస్త్రి విశాఖలో ప్లీడరు. కోర్టులో విన్న గొంతులే ఆయన కథల్లో మోగాయి. ఉద్యోగం మానేస్తానంటూ వచ్చే పిల్లలకు నేను వద్దనే చెబుతాను.

అపోహ: పుస్తకం అచ్చయ్యాక నాటకం ఎవరైనా ఆడుకోవచ్చు. పేరు మారిస్తే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రచయిత బతికి ఉన్నంతకాలం, మరణించాక మరో 60 ఏళ్లు రచన మీద హక్కులుంటాయి. ప్రదర్శన కూడా ఆ హక్కుల్లోనిదే. టికెట్టు పెట్టకుండా ఔత్సాహిక సమాజాలు ఆడుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది. అయితే దాన్ని సాకు చేసుకుని రచయిత పేరు తీసేయడానికి, పరువు పోయేలా ప్రతిని చిందరవందర చేయడానికి వీల్లేదు. కథను నాటకంగా మలచుకోవాలన్నా అనుమతి కావాలి. చాలామంది రచయితలు డబ్బు అడగరు, మనం అనుమతి అడిగితే చాలనుకుంటారు. ఎక్కడ, ఏ రోజున, ఎవరు ఆడుతున్నారో రాసి, కరపత్రంలో పేరు వేస్తామని ఒక ఉత్తరం పంపండి. ఏవైనా మార్పులు చేసుకోదలిస్తే అవీ అందులోనే రాయండి.